చనిపోయినవారితో మాట: సవరల విశ్వాసంలో వచ్చిన మార్పు

సవర చరిత్ర అనగానే మనకు కొండపోడు, గోడల మీద బొమ్మలు, గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకొస్తారు. వందేళ్లుగా మన ఊళ్లలో వస్తున్న మరో పెద్ద మార్పు క్రైస్తవ విశ్వాసం. దాని గురించి మనలో మనం తక్కువగా మాట్లాడుకుంటాం. మనలో కొందరం చర్చికి వెళ్తాం, కొందరం పెద్దల పూజలు చేస్తాం. ఎవరి దారి ఏదైనా ఈ చరిత్ర మనందరిదీ.

మన పెద్దల నమ్మకంలో మనిషి చనిపోగానే దూరమైపోడు. సొనుం అవుతాడు. పూజారమ్మ పూనకంలోకి వెళ్తే ఆమె నోటితో మాట్లాడతాడు. తాను ఎలా పోయాడో చెబుతాడు, ఆకలంటాడు, అలుగుతాడు. ఇంటివాళ్లు ఏడుస్తారు, ప్రశ్నలు అడుగుతారు, వాదిస్తారు. ఎవరికైనా జబ్బు చేస్తే, అలాంటి జబ్బుతో పోయినవారే వచ్చి పట్టుకున్నారని అనుకునేవారు. కోడినో, మేకనో, దున్ననో బలి ఇచ్చేవారు. చనిపోయినవారి పేరున రాయి నిలబెట్టేవారు. కొన్నేళ్లకు ఆ సొనుం శాంతించి, తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇచ్చేది. ఒడిశా వైపు సవరల ఈ నమ్మకాల మీద వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకం వేశారు.

ఆ కొండల్లోనే, పర్లాకిమిడికి పైన ఉన్న సెరంగోలో, కెనడా బాప్టిస్టు మిషనరీలు కేంద్రం పెట్టుకుని పనిచేశారు. ఆసుపత్రి నడిపారు. సవర మాటలనే రోమన్ లిపిలో రాసి ప్రార్థనకు వాడారు. అంతకుముందే గిడుగు వారు మన పిల్లల కోసం సవర వాచకాలు రాశారు, 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ప్రాంతం అటు వెళ్లడంతో మన జాతి రెండు రాష్ట్రాల మధ్య చీలింది. అదే ఏడు మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని తెచ్చారు. ఆ బాటలో నడిచినవారు అక్షరాన్నే దేవుడిగా కొలిచారు. చదువు కావాలన్న ఆశ అప్పుడు అన్ని వైపులా ఉంది.

కొత్త విశ్వాసంలో చనిపోయినవారు దేవుని దగ్గర ఉంటారు. వారికి ఆకలి లేదు, తిరిగి వచ్చి పట్టుకోరు. కాబట్టి బలి అక్కర్లేదు. జబ్బుకు ప్రార్థన, మందు. దున్న కోసం అప్పు చేసే కుటుంబానికి ఇది చిన్న మాట కాదు. పుస్తకం చదవగలగడం వల్ల షావుకారు ముందు, కచేరీ ముందు నిలబడే ధైర్యమూ వచ్చింది.

పోయింది కూడా ఉంది. 1970ల నుంచి సవరల మధ్య ఉంటూ పరిశోధన చేసిన పియర్స్ విటెబ్స్కీ తన 2017 పుస్తకంలో ఈ మార్పునే వివరించారు. తల్లిదండ్రులు సొనుంతో గంటల తరబడి మాట్లాడితే, పిల్లలు బాప్టిస్టులయ్యారు. భయం తగ్గింది. దానితోపాటు పోయినవారిని అడగడానికి, వారిపై కోపపడి మళ్లీ సమాధానపడడానికి ఉన్న మాటలూ తగ్గిపోయాయి.

సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు మన ఊళ్లలో ఇప్పుడు ఒకే వంశంలో రెండు నమ్మకాల ఇళ్లున్నాయి. ఒకరి చావుకు ఇంకొకరు వెళ్లాలా వద్దా అనే దగ్గరే తగవులు మొదలవుతాయి. మతం మారినా షెడ్యూల్డు తెగ గుర్తింపు పోదని చట్టం చెబుతోంది. చుట్టరికం కూడా అలాగే నిలవాలి. శవం దగ్గర కూర్చోవడానికి, ఏడ్చేవారి చేయి పట్టుకోవడానికి ఏ విశ్వాసమూ అడ్డు కాకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఇంటి అవ్వ దగ్గర కూర్చోండి. ఏ తాత పేరు ఏ బిడ్డకు వచ్చిందో, చనిపోయినవారితో ఏ మాటలు మాట్లాడేవారో అడిగి ఫోనులో రికార్డు చేయండి. చర్చికి వెళ్లే ఇంట్లో, మొదట ప్రార్థనకు వెళ్లిన పెద్దవారు ఎందుకు వెళ్లారో కూడా అడగండి. వినడం పూజ కాదు, విశ్వాసాన్ని వదులుకోవడమూ కాదు. ఆ రెండు కథలు తెలిసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే అడుగుదాం.