వృద్ధ శునకాల జీవితకాల ఆశ్రయం

వృద్ధ శునకాల జీవితకాల ఆశ్రయం అనగా వయసు మళ్ళి, యజమానులు విడిచిపెట్టిన లేదా వీధిలో బ్రతుకలేని స్థితికి చేరిన కుక్కలను చేర్చుకొని, వాటి మరణం వరకు పోషించే సంస్థ. సాధారణ జంతు సంరక్షణ కేంద్రంలో కుక్క కొంతకాలం మాత్రమే ఉంటుంది. చికిత్స ముగిసిన పిమ్మట దానిని తిరిగి దాని వీధికి చేరుస్తారు, లేదా దత్తతకు ఇస్తారు. జీవితకాల ఆశ్రయంలో మాత్రం కుక్కను చేర్చుకొన్ననాడే అది దానికి ఆఖరి మజిలీ అన్న నిర్ణయం జరిగిపోతుంది. కనుక ఇటువంటి ఆశ్రయానికి గీటురాయి అది చేర్చుకొన్న కుక్కల సంఖ్య కాదు. వాటిలో ఎన్నింటిని కడవరకు సక్రమంగా పోషించగలిగిందన్నదే.

శునకాలలో వృద్ధాప్యం

కుక్కలలో వృద్ధాప్యం ఒకే వయసులో రాదు. భారీ జాతుల కుక్కలు ఏడేళ్ళకే ముసలితనంలో ప్రవేశిస్తాయి. చిన్న జాతులలో ఇది పది, పదకొండేళ్ళకు మొదలవుతుంది. ఆయుర్దాయంలో చివరి నాలుగవ వంతును వృద్ధాప్యంగా లెక్కించడం పశువైద్యులలో ఉన్న ఒక పద్ధతి. కీళ్ళవాతం, కంటి శుక్లాలు, చెవుడు, పళ్ళకు గార పట్టి చిగుళ్ళు చెడిపోవడం, గుండె కవాటాల జబ్బు, మూత్రపిండాల వైఫల్యం, కణుతులు ఈ దశలో కనిపించే సాధారణ రుగ్మతలు. మనుషులలో వచ్చే మతిమరుపు వంటి స్థితి కుక్కలలోనూ కలదు. అటువంటి కుక్క రాత్రివేళ నిద్రలేక తిరుగుతుంది, గోడ మూలలో చిక్కుకొని వెనుకకు రాలేక నిలబడిపోతుంది, తెలిసిన మనిషిని గుర్తించదు.

ఇంట్లో పెరిగిన కుక్కను ముసలితనంలో వదిలివేయడానికి వైద్యఖర్చు, ఇల్లు మారడం, పోషించే వ్యక్తి మరణించడం ముఖ్యమైన కారణాలు. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు ఆహారం, హద్దులు, తోటి కుక్కలతో మెలకువలు తెలిసి ఉంటాయి. ఇంటి కుక్కకు ఇవేవీ తెలియవు. అందువలన వీధిపాలైన ముసలి పెంపుడు కుక్క ఎక్కువకాలం బ్రతుకదు.

చరిత్ర

జంతువులకు వైద్యం అందించడం మన దేశంలో ప్రాచీనకాలం నుండి రాజధర్మంగా ఉన్నది. అశోకుని రెండవ శిలాశాసనం మనుషులకు, జంతువులకు వేరువేరుగా చికిత్స ఏర్పాటు చేసిన సంగతిని తెలుపుతుంది. ఈ శాసనాల ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండలపై చెక్కబడి ఉన్నది. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని చెప్పిన కథ తెలుగువారందరికీ సుపరిచితం.

గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలలో జైనులు, వర్తకులు నడిపే పింజ్రాపోల్‌లు పనికిరాని, ముసలి పశువులను కడవరకు పోషించే సంస్థలు. ముంబైలోని ప్రసిద్ధ పింజ్రాపోల్ పుట్టుకకు కుక్కలే కారణం. వీధికుక్కలను చంపాలన్న బ్రిటిషు అధికారుల ఉత్తర్వుపై 1832 జూన్‌లో ఆ నగరంలో పార్సీలు ఆందోళనకు దిగారు. తరువాత 1834లో జంషెడ్జీ జీజీభాయ్ మొదలైన వర్తకులు అక్కడ పింజ్రాపోల్‌ను స్థాపించారు. కాలక్రమంలో పింజ్రాపోల్‌లు ప్రధానంగా గోసంరక్షణ కేంద్రాలుగా మారాయి.

ఇంగ్లండులో 1860లో మేరీ టీల్బీ తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కలకు ఒక ఆశ్రయాన్ని స్థాపించింది. అదే తరువాత బాటర్‌సీ ఆశ్రయంగా పేరుపొందింది. వృద్ధ శునకాలకే ప్రత్యేకించిన సంస్థలు మాత్రం ఇటీవలివి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో మొదలైన మట్‌విల్ ముసలి కుక్కలను చేరదీసి దత్తతకు ఇస్తుంది. టెన్నెసీ రాష్ట్రంలో 2012లో స్థాపితమైన ఓల్డ్ ఫ్రెండ్స్ సంస్థ మరొక మార్గాన్ని ఎంచుకొన్నది. ఈ విధానంలో కుక్క ఒక కుటుంబంతో వారి ఇంట్లో నివసిస్తుంది, దాని వైద్యఖర్చు జీవితాంతం సంస్థ భరిస్తుంది.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదులో 1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో ఆరంభమైన విశాఖ జంతు సంరక్షణ సంఘం, పుట్టపర్తిలో 2000లో ఏర్పడిన కరుణ సొసైటీ తెలుగునాట పేరొందిన జంతు సంక్షేమ సంస్థలు. పశువుల కడుపులో చేరుతున్న ప్లాస్టిక్ సంచుల సమస్యపై సుప్రీంకోర్టును ఆశ్రయించినది ఈ కరుణ సొసైటీయే. ఈ సంస్థలు అన్ని వయసుల జంతువులను చేరదీస్తాయి. కృష్ణా జిల్లా గన్నవరంలో 1998లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల విజయవాడకు సమీపంలో ఉన్న పశువైద్య విద్యాసంస్థ.

చట్టపరమైన నేపథ్యం

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితంగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి 1962లో ఏర్పడింది. తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును విడిచిపెట్టడం చట్టంలోని 11వ సెక్షను క్రింద నేరం. అయితే మొదటి తప్పునకు చట్టం విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా జీవకారుణ్యం పౌరుల ప్రాథమిక విధులలో చేరింది. ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలనీ, దాని వైద్యశాలకు, ఆశ్రయానికి రాష్ట్ర ప్రభుత్వం స్థలం సమకూర్చాలనీ 2001 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

వీధికుక్కల విషయంలో 2001లో వచ్చిన జనన నియంత్రణ నిబంధనల స్థానంలో 2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. రెండింటి మూలసూత్రం ఒకటే. కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలి. అనగా ఈ విధానంలో ఆశ్రయం తాత్కాలికమే.

2025లో ఈ పరిస్థితి కొంత మారింది. ఆ ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనం ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని, తిరిగి వదలరాదని ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని సవరించి, రేబిస్ సోకిన, సోకినట్లు అనుమానమున్న, దూకుడుగా ప్రవర్తించే కుక్కలను మినహాయించి తక్కినవాటిని టీకా, శస్త్రచికిత్సల తరువాత వాటి చోటనే వదలాలన్నది. నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను ఆశ్రయాలకు తరలించాలనీ, వాటిని తిరిగి అదే చోట వదలరాదనీ ఆదేశించింది. అలా తరలించిన కుక్కను ఎవరూ దత్తత తీసుకోకపోతే, అది ఆశ్రయంలోనే ముసలిదవుతుంది. దీనితో జీవితకాల పోషణ కొద్దిమంది జంతుప్రేమికుల వ్యవహారంగా మిగలక, పురపాలక సంస్థలు కూడా ఆలోచించవలసిన విషయమైనది.

సామర్థ్యపు లెక్క

జీవితకాల ఆశ్రయాన్ని తలపెట్టేవారు మొదట గ్రహించవలసినది ఒక చిన్న లెక్క. ఉదాహరణకు 50 కుక్కలకు చోటున్న దత్తత కేంద్రంలో ఒక్కొక్క కుక్క సగటున రెండు నెలలు ఉంటే, ఏడాదికి 300 కుక్కలకు ఆశ్రయం దొరుకుతుంది. అదే 50 చోట్లు గల జీవితకాల ఆశ్రయంలో కుక్క సగటున మూడేళ్ళు బ్రతికితే, ఏడాదికి ఖాళీ అయ్యేవి 16 లేక 17 చోట్లే. పోషణ బాగున్నకొద్దీ కుక్కలు ఎక్కువకాలం బ్రతుకుతాయి, ఖాళీలు ఇంకా తగ్గుతాయి.

ఈ లెక్కను విస్మరించి, తలుపు వద్దకు వచ్చిన ప్రతి కుక్కనూ చేర్చుకొన్న ఆశ్రయాలు క్రిక్కిరిసిపోతాయి. అక్కడ అంటురోగాలు, కాట్లాటలు పెరుగుతాయి. బలహీనమైన ముసలి కుక్కలకు తిండి అందదు. కాబట్టి చోటు లేనప్పుడు "చేర్చుకోలేము" అని చెప్పడం అప్పటికే ఉన్న కుక్కలపట్ల నిర్వాహకుల బాధ్యతలో భాగమే.

నిర్వహణ

వసతి: కొత్తగా వచ్చిన కుక్కను కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి. డిస్టెంపర్, పార్వో వంటి అంటురోగాలు బయటపడటానికి ఈ వ్యవధి అవసరం. నున్నని గచ్చుపై కీళ్ళవాతం ఉన్న కుక్క కాళ్ళు జారుతాయి గనుక గరుకు నేల లేదా రబ్బరు పట్టాలు వేయాలి. మెట్లకు బదులు వాలుదారి ఉండాలి. లేవలేని కుక్కలను మెత్తని పరుపుపై ఉంచి, రోజుకు పలుమార్లు పక్క మార్చకపోతే ఒంటిపై పుండ్లు పడతాయి. చూపులేని కుక్క చోటును గుర్తుపెట్టుకొని తిరుగుతుంది, కనుక దాని నీళ్ళ తొట్టి స్థానాన్ని మార్చరాదు.

ఆహారం: 15 కిలోల బరువుగల ముసలి నాటు కుక్కకు రోజుకు సుమారు 700 నుండి 750 కిలోకేలరీల ఆహారం, ముప్పాతిక లీటరు నుండి లీటరు వరకు నీరు కావాలి. నూకల అన్నంలో కోడిమాంసం, గ్రుడ్డు, గుమ్మడికాయ కలిపి పెట్టడం ఖర్చు తక్కువైన పద్ధతి. వట్టి పెరుగన్నం చాలదు, ముసలితనంలో కండ కరగకుండా మాంసకృత్తులు అవసరం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాటికి ఆహారాన్ని వైద్యుని సలహాపై మార్చాలి. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టరాదు.

వైద్యం: ఏటా రేబిస్ టీకా, ఆరు నెలలకు ఒకసారి రక్త, మూత్ర పరీక్షలు, పంటి పరీక్ష మంచివి. శస్త్రచికిత్స జరగని ఆడకుక్కలలో గర్భసంచికి చీము పట్టడం ప్రాణాపాయకరం. నొప్పికి మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయడం వలన కుక్కల జీర్ణాశయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

విజయవాడ, కృష్ణా డెల్టా పరిస్థితులు

డెల్టా వాతావరణం ముసలి కుక్కలకు రెండు విధాల పరీక్ష. మొదటిది వేసవి. కుక్కకు మనిషివలె ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడం ద్వారానే వేడిని పోగొట్టుకొంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఈ ఉపాయం సరిగా పనిచేయదు. గుండెజబ్బు, స్థూలకాయం ఉన్న ముసలి కుక్కలకు వడదెబ్బ త్వరగా తగులుతుంది. రేకుల షెడ్డు కంటే తాటాకు లేదా రెల్లు కప్పు, చెట్టునీడ మేలు.

రెండవది తేమ, వరద. ఈ వాతావరణంలో పిడుదులు (గోమార్లు) ఏడాది పొడవునా ఉంటాయి. వీటి వలన వచ్చే ఎర్లికియా, బబీసియా జ్వరాలు రక్తహీనతకు దారితీస్తాయి. నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది. ఇది మనుషులకూ సోకే వ్యాధి. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలైంది. ఈదలేని, నడవలేని కుక్కలుండే ఆశ్రయాన్ని ఈ ప్రాంతంలో పల్లంలో కట్టరాదు. కట్టినచోట ఎత్తైన అరుగులు, తరలింపు ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంద్రకీలాద్రి పాదం వద్ద, రైలు మార్గానికి పడమరగా ఉన్న వన్ టౌన్‌లో సమస్య వేరు. బ్రాహ్మణ వీధి, అర్జున వీధి, కొత్తపేట వంటి చోట్ల ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. కొండవాలు ఇళ్ళకు మెట్లే దారి. పదుల సంఖ్యలో కుక్కలను ఒకచోట ఉంచే ఆశ్రయానికి ఇక్కడ స్థలం దొరకదు, మొరుగుడు ఇరుగుపొరుగులకు ఇబ్బంది. ఇటువంటి పాతబస్తీకి రెండు మార్గాలు అనువైనవి. మొదటిది, ఓల్డ్ ఫ్రెండ్స్ పద్ధతిలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ముసలి కుక్కను అప్పగించి, మందుల ఖర్చు సంస్థ భరించడం. రెండవది, వీధిలోనే ముసలిదైన కుక్కను దాని వీధిలోనే ఉంచి, 2023 నిబంధనల ప్రకారం నిర్ణయించిన చోట తిండి పెట్టి, టీకాలు వేయించడం. పుట్టి పెరిగిన వీధి నుండి ముసలి కుక్కను తరలిస్తే అది బెంగతో తిండి మానడం కద్దు.

కారుణ్య మరణం

జీవితకాల ఆశ్రయం అనగా బాధను ఎంతకాలమైనా పొడిగించడమని అర్థం కాదు. నయంకాని జబ్బు లేదా ప్రాణాంతక గాయం ఉన్నట్లు అర్హుడైన పశువైద్యుడు నిర్ధారించినప్పుడు, వైద్యుని చేతనే బాధలేని పద్ధతిలో కారుణ్య మరణం కలిగించడానికి నిబంధనలు అనుమతిస్తాయి. ఇది మరొక కుక్క ఎదుట జరుగరాదు. తినడం, లేవడం, మనిషిని చూసి స్పందించడం, నొప్పి లేకుండా నిద్రపోవడం వంటి విషయాలను ప్రతిదినం నమోదు చేస్తూ ఉంటే నిర్ణయం సులభమవుతుంది. చోటు ఖాళీ కావడం కోసమో, ఖర్చు తగ్గడం కోసమో ఈ నిర్ణయం తీసుకోకూడదు.

కొనసాగింపు సమస్య

ఇటువంటి ఆశ్రయాలు తరచు ఒక్క వ్యక్తి దయపై మొదలవుతాయి. ఆ వ్యక్తి జబ్బుపడినా, మరణించినా కుక్కలు మళ్ళీ వీధిన పడతాయి. మొదటిసారి ఇల్లు పోయినప్పటి కంటే ఈ రెండవసారి వాటి స్థితి హీనం. అందుచేత సంస్థను ట్రస్టుగా లేదా సంఘంగా నమోదు చేయడం, ఒకరికి మించి బాధ్యులను ఏర్పరచడం, కనీసం ఒక ఏడాది ఖర్చుకు సరిపడు నిధిని విడిగా ఉంచడం అవసరం. కుక్కపిల్లల కోసం విరాళాలు దొరికినంత సులభంగా ముసలి కుక్కల మందులకు దొరకవు. నెలనెలా కొద్దిమొత్తం ఇచ్చే దాతలు, ఒక్కొక్క కుక్క పోషణను స్వీకరించే కుటుంబాలు ఈ ఆశ్రయాలకు అసలైన ఆధారం.

ఇవి కూడా చూడండి

పింజ్రాపోల్
జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960
రేబిస్
బ్లూ క్రాస్, హైదరాబాదు
విజయవాడ