బల్బు వెలిగితేనే రంగు

ధర్మవరం దాటి నిమ్మలకుంటలో అడుగుపెట్టగానే ముందు వినిపించేది సుత్తి చప్పుడు. వసారాలో చాప మీద కూర్చున్న పెద్దాయన తలెత్తరు. ముందు చెక్క దిమ్మ, దాని మీద మేక తోలు, చేతిలో ఉలి.

"కూచోండి సార్, ఈ వడ్డాణం ఒగటి అయిపోనీ."

ఆ వడ్డాణం ఒక చిల్లుల వరుస. సీతమ్మ బొమ్మ నడుం చుట్టూ ఎక్కడ తోలు పోయిందో అక్కడ రాత్రికి ముత్యాలు పుడతాయి. గుండ్రటి ఉలికి ఒక పూస, చంద్రవంకకు ఒక రేకు. దెబ్బ తప్పితే అతుకు లేదు.

తోలు ముట్టుకుని చూడండి. చెప్పుల తోలులా దీన్ని పదును చేయరు. వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో లాగి మేకులు కొట్టి ఆరబెడతారు. వెనక చెయ్యి పెడితే ఇవతలికి వేళ్ల నీడ తెలుస్తుంది. పక్కనే ఇనప చట్రానికి తడి తోలు చుట్టి కుట్టేసిన లాంప్ షేడ్ ఉంది. ఆరి డప్పులా బిగిసింది.

కోడలు దాని మీద ఎరుపు అద్దుతోంది. పట్టపగలు అది నల్లగానే ఉంది. "ముదురైందేమోనమ్మా" అనబోతారు మీరు. ఆమె మారు మాట్లాడకుండా స్విచ్ వేస్తుంది. ఎరుపు భగ్గుమంటుంది. ఆకుపచ్చ మాత్రం ఒకచోట పలచబడింది. ఆమె మళ్లీ కుంచె ముంచుతుంది.

ఇదే తోలుతో ఆడే తోలుబొమ్మలాటలో ఈ తప్పు దాగిపోయేది. తోలుకీ జనానికీ మధ్య తెల్లటి తెర ఉండేది, వెనక ఆముదం దీపాలు రెపరెపలాడేవి, బొమ్మ కదిలేది. లాంప్ షేడ్‌కి తెర లేదు, కదలిక లేదు. డ్రాయింగ్ రూమ్‌లో రోజూ ఒకే చోట నిలబడి కనిపించాలి. అందుకే లాంప్ షేడ్లొచ్చి కళ పలచబడిందనేవాళ్లతో నేను ఏకీభవించను. పని కష్టమే అయింది. అయితే మనిషెత్తు హనుమంతుణ్ని తెర మీద ఎగిరించే చేతికీ, పాడే గొంతుకీ ఇందులో పని లేదు. ఆ నష్టం మాత్రం నిజం.

ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇక్కడి కుటుంబాలు తరతరాల కిందట మరాఠా దేశం నుంచి వచ్చినవాళ్లమని చెప్పుకుంటాయి. పాడేది మాత్రం తెలుగు రామాయణం.

పెద్దాయన ఉలి పక్కన పెట్టి బేరానికి కూర్చున్నారు. కొనేవాళ్లకు ఒక్క మాట. పగటి వెలుతురులో చూసి రంగు తేల్చకండి, వెలిగించి చూపించమనండి. ఇంట్లో వేడెక్కని ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. తడి గుడ్డతో తుడవొద్దు. నీళ్లు తగిలితే ఈ తోలు మళ్లీ మెత్తబడుతుంది.