విక్టోరియా డాక్‌లో పత్తి మంట

పత్తికి నిప్పంటుకుంటే ఏమవుతుందో సూర్యాపేట జిల్లా చివ్వెంల రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. నీళ్లు కొడితే పైపైన చల్లారినట్టే ఉంటుంది, బేలు లోపల రాజుకుంటూనే పోతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే సరుకు ఓడ అలాగే కాలింది.

1942లో కెనడాలో కట్టిన ఓడ అది. ఇంగ్లండ్ నుంచి ఫిబ్రవరిలో బయల్దేరేటప్పుడు దాని కడుపులో సుమారు 1,400 టన్నుల మందుగుండు, పెట్టెల్లో యుద్ధ విమానాలు, 124 బంగారు కడ్డీలు. కరాచీలో ఖాళీ అయిన జాగాలో వేల పత్తి బేళ్లు, నూనె పీపాలు కుక్కారు. కెప్టెన్ నైస్మిత్ వద్దన్నా వినలేదు. గడ్డివాము పక్కన పొయ్యి పెడితే మన ఇళ్లలో ముసలమ్మ ఊరుకుంటుందా? అక్కడ వద్దన్నవాడి మాటే చెల్లలేదు.

రేవుకొచ్చి రెండు రోజులైనా మందుగుండు పూర్తిగా దిగలేదు. ప్రమాదకర సరుకుందని చెప్పే ఎర్రజెండా కూడా ఎగరేయలేదు. 14వ తేదీ మధ్యాహ్నం పక్క ఓడల వాళ్లు దాన్నుంచి వస్తున్న పొగ చూసి కూడా ఊరుకున్నారు.

ఇక మంట సంగతి బయటపడ్డాక గడిచిన రెండు గంటలు తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. ఓడను ముంచేయమని ఒకరు, సముద్రంలోకి లాగేయమని ఒకరు, నీళ్లు కొడుతూనే ఉండమని ఇంకొకరు. అందరూ పెద్దలే, ఇదిగో ఇదే చెయ్యండని గట్టిగా చెప్పే పెద్ద మాత్రం లేడు. 900 టన్నులకు పైగా నీళ్లు పోశారు. ఓడ చుట్టూ నీళ్లు సలసలా కాగాయి.

4 గంటల 6 నిమిషాలకు పేలింది. కెప్టెన్ పోయాడు, 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. పక్కనున్న జలపద్మ ఓడ వెనుక భాగం ఎగిరి గోదాం కప్పెక్కింది. అరగంటకు అంతకన్నా పెద్ద పేలుడు. ఎక్కడో సిమ్లాలో భూకంప యంత్రం కదిలింది. దూరంగా ఉన్న ఒక పార్సీ పెద్దమనిషి ఇంట్లో బంగారు కడ్డీ వచ్చి పడితే, ఆయన అప్పగించి, వచ్చిన బహుమానం బాధితులకే ఇచ్చేశాడు.

యుద్ధం పేరు చెప్పి పత్రికల నోరు నొక్కారు. చనిపోయినవాళ్లు 800 అని ఒకరు, 1,300 అని ఒకరు రాశారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వలస బతుకును మూడు మాటల్లో చెప్పుకునే తెలంగాణకు ఈ తేడా ఎందుకొస్తుందో తెలుసు. రేవులో రోజుకూలీ చేసేవాడి పేరు ఏ చిట్టాలోనూ ఉండదు. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు 80,000 మంది. కడ్డీలు మాత్రం దశాబ్దాల తర్వాత కూడా రేవు బురద తవ్వినప్పుడు దొరికాయి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది ఆ రోజు పోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థమే. మార్కెట్లలో పత్తి, ధాన్యం రాశులుండే సూర్యాపేట లాంటి ఊళ్లలో ఆ వారం ఒక్క ఫైరింజన్ వాళ్లదే కాకూడదు.