తరంగంబాడిలో డేన్‌ల కోట, తంజావూరులో తెలుగు రాజు

రఘునాథ నాయకుడంటే మనలో చాలామందికి చేమకూర వెంకటకవి దగ్గర ‘విజయవిలాసం’ అంకితం పుచ్చుకున్న రాజు. తనూ కవే, ‘వాల్మీకి చరిత్రము’ రాశాడు. ఆయనే డెన్మార్క్ వాళ్ళకి కోట కట్టుకోడానికి సముద్రపొడ్డున చోటిచ్చాడన్న సంగతి మాత్రం నేను చదివిన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా కనపడలేదు.

నాలుగో క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీకి అనుమతిచ్చాడు. రెండేళ్ళకి, పాతికేళ్ళైనా నిండని ఓవె గెడ్డె నాయకత్వంలో ఓడలు బయల్దేరాయి. వెళ్ళాలనుకున్నది సింహళానికి. అక్కడ కాండీ రాజుతో బేరం కుదరలేదు. ముందే వచ్చిన రోలాండ్ క్రాపె ఓడని పోర్చుగీసువాళ్ళు ముంచేస్తే, అతను బతికి బయటపడి తంజావూరు చేరాడు. చివరికి 1620 నవంబరులో ఒప్పందమైంది: తరంగంబాడి అనే పల్లె, ఏడాదికి 3,111 రూపాయల కప్పం. రఘునాథుడు బంగారు రేకు మీద రాయించిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది.

ఇది అమాయకత్వం అనుకోను. పక్కనే నాగపట్నంలో పోర్చుగీసులు తిష్ఠ వేసుకుని ఉన్నారు. వాళ్ళకి పోటీగా ఇంకో కొనుగోలుదారుడు ఉంటే రాజుకి లాభమేగా!

కోట పేరు డాన్స్‌బోర్గ్. కింద గోదాములు, చెరసాల. పైన గవర్నరు నివాసం, ప్రార్థన గది. అసలు కథ ఆ తర్వాతే. 1639 తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళ పాటు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడ కూడా బయల్దేరలేదు. కప్పం బకాయిలు పేరుకుపోయాయి. క్షేత్రయ్యని ఆదరించిన రాజుగా మనకి తెలిసిన విజయరాఘవుడు ఈ కోట మీదకి సైన్యాన్ని పంపాడు. లోపల మిగిలింది కాంగ్స్‌బక్క అనే మామూలు మనిషి, చదువు కూడా రాదంటారు. అతను బంగాళాఖాతంలో ఓడలు పట్టుకుని డబ్బు తెచ్చాడు, ఊరి చుట్టూ గోడ కట్టించాడు, 1669లో ఓడ వచ్చేదాకా నిలబడ్డాడు. పదకవితలు వింటున్న సభకీ ఈ ముట్టడికీ రాజు ఒకడే అని తెలిశాక, ఆ పదాలు నాకు కాస్త వేరేగా వినిపిస్తున్నాయి.

నేను గిద్దలూరు వైపు వాణ్ణి. కోట గురించి చదువుతుంటే మా కంభం చెరువు గుర్తొచ్చింది. అదీ విజయనగర కాలంలో, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా వేసిన కట్టే. తంజావూరు నాయకులూ ఆ కొలువు నుంచి వచ్చినవాళ్ళే. 2020లో కంభం చెరువుని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చారు గానీ, మావైపు కోట చూడ్డానికి వెళ్ళినంత సరదాగా ఎవరూ చెరువు చూడ్డానికి వెళ్ళరు!

తెలుగు అచ్చుకి కూడా తరంగంబాడితో చుట్టరికం ఉంది. 1719లో అక్కడ దిగిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ తర్వాత మద్రాసు వెళ్ళి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగెళ్ళాక 1740లలో హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవేనంటారు.

డేన్‌లు 1845లో పన్నెండున్నర లక్షల రూపాయలకి తమ స్థావరాలని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసి వెళ్ళిపోయారు. కోటలో ఇప్పుడు తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. వెళితే ఊరి ద్వారం, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి కూడా చూడండి.