ఎర్రగుంట్ల ఎత్తైన కట్టడాలు

వైఎస్సార్ కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పరిసరాల్లో ఆకాశాన్నంటే కట్టడాలన్నీ పరిశ్రమలవే. ఇవి రెండు రకాలు: థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు, సిమెంటు ఫ్యాక్టరీల ప్రీహీటర్ టవర్లు.

చిమ్నీలు: మండలంలోని కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ) 1994లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి కలిపి దీని సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు పొగ నేలమీదికి దిగకుండా గాలిలో చెదిరిపోవాలని చిమ్నీలను ఎత్తుగా కడతారు. 210 మెగావాట్ల యూనిట్లకు 220 మీటర్లు, 500 మెగావాట్లు, ఆపైవాటికి 275 మీటర్లు అన్నది దేశంలో చాలాకాలం అమలైన ప్రమాణం.

ప్రీహీటర్ టవర్లు: ఈ నేలలో నార్జి సున్నపురాయి దండిగా ఉంది. బండల గనులకూ, చిలంకూరు, కృష్ణానగర్ సిమెంటు ఫ్యాక్టరీలకూ అదే ఆధారం. టవర్‌లో గరాటు ఆకారపు సైక్లోన్లు అంతస్తులుగా ఉంటాయి. పిండిచేసిన రాయిని పైనుంచి వదులుతారు. కింది కొలిమి నుంచి వేడిగాలి ఎదురొస్తుంది. పిండి దిగుతూ దిగుతూ కాగి, కొలిమిలో సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద క్లింకర్‌గా, అంటే సిమెంటుకు మూలమైన గడ్డలుగా మారుతుంది. థర్మల్ కేంద్రాల బూడిద కూడా సిమెంటు తయారీకి పనికొస్తుంది.

పోలిక: 1958లో పూర్తయిన టోక్యో టవర్ ఎత్తు 333 మీటర్లు, 2012లో తెరిచిన టోక్యో స్కైట్రీ 634 మీటర్లు. అవి ప్రసారాల కోసం, సందర్శకుల కోసం కట్టినవి. ఎర్రగుంట్లవి కరెంటు కోసం, సిమెంటు కోసం కట్టినవి.