మాట అనంతపురానికి... పట్టా తిరుపతికి

1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు శ్రీబాగ్. ఒకవైపు సర్కారు జిల్లాల పెద్దలు కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య. మరోవైపు రాయలసీమ నాయకులు కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు. మధ్యన ఒక ఒడంబడిక కాగితం. ఆంధ్ర రాష్ట్రం రావాలంటే దాని మీద సీమ చేవ్రాలు పడాలి. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

సీమవాళ్ల మనసులో గుచ్చుకున్న ముల్లు పదకొండేళ్ల నాటిది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడే కేంద్రం ఎక్కడన్న తగవు రేగింది. బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం వాల్తేరు చేరింది. అనంతపురంలో పెట్టాలన్న సీమ కోరిక తీరలేదు. సీమ కాలేజీలు చివరికి మద్రాసు విశ్వవిద్యాలయం కిందే మిగిలాయి.

ఇది పేరు ప్రతిష్ఠల తగవు మాత్రమే కాదు. కాలేజీ ఎవరికి అనుబంధమైతే సిలబస్ వాళ్లది, ప్రశ్నపత్రం వాళ్లది, పరీక్ష ఫీజు చేరేదీ వాళ్లకే. మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో బి.ఎ. గట్టెక్కిన కుర్రవాడి పట్టా మీద మద్రాసు ముద్ర పడేది. తిరుపతికి మద్రాసు 150 కిలోమీటర్ల లోపే, వాల్తేరు 700 పైమాటే. శ్రీబాగ్‌లో మాటలు సాగుతున్న ఆ రోజున వాల్తేరులో వైస్ ఛాన్సలర్ పీఠం మీద ఉన్నది చిత్తూరు పక్క కట్టమంచి బిడ్డ రామలింగారెడ్డి. మనిషి సీమవాడే, పీఠం మాత్రం సీమకు దూరం.

సీమకు జనబలం తక్కువ. ‘మేం రాం’ అనగలగడమే దాని బలం. ఆ బలంతోనే ఒడంబడికలో ఒక మాట రాయించుకున్నారు: ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో మరొకటి. సంతకాలు పడ్డాయి. గడువు మాత్రం రాసుకోలేదు.

ఏళ్లు గడిచాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది. సీమకు విశ్వవిద్యాలయం ఇవ్వాల్సిన వేళా వచ్చింది. అనంతపురం చేతిలో శ్రీబాగ్ మాట ఉంది. తిరుపతిలో దేవస్థానం ఉంది, కొండ కింద స్థలం ఉంది, అప్పటికే దేవస్థానం నడుపుతున్న కాలేజీ ఉంది. 1954 సెప్టెంబరు 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిసింది. మద్రాసు ముద్రతో పట్టాలందుకున్న సీమ పిల్లలకు సొంత గడ్డ మీద పీఠం దొరికింది. ఆ మేలు చిన్నది కాదు. అనంతపురానికి మాత్రం 1968లో పీజీ కేంద్రం వచ్చింది, 1981లో గానీ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం రాలేదు.

కలిమి ఉన్నవాడిదే పైచేయి కావడం అన్ని చోట్లా ఉన్నదే. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లు కాన్ఫరెన్సులనే కూటములుగా ఆడతాయి, టీవీ హక్కుల సొమ్ము పంచుకుంటాయి. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు పాక్-12 కూటమిని వదిలి బిగ్ టెన్‌లో చేరతామన్నాయి. వాటి వెనకే మిగతావీ తలో దారి పట్టాయి. 2024 నాటికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. ఆట బాగా ఆడలేక కాదు, వాటిని చూసి టీవీ సొమ్ము కదలదు గనుక.

తిరుపతి పీఠానికీ ఆ తర్వాత ఎడబాట్లు తప్పలేదు. దాని పరిధిలోని జిల్లాల్లోనే 2006లో కడపలో యోగి వేమన, 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాలు వచ్చాయి. చదువు ఊరి దగ్గరికి రావడం మంచిదే. ఏ జిల్లా పిల్లలకైనా అది హక్కు.

అయితే ఆ హక్కు చేతికందేసరికి అనంతపురంలో రెండు తరాలు గడిచాయి. రేపు ఏ సంస్థ కోసం ఏ వెనకబడిన జిల్లా బేరానికి కూర్చున్నా ఇది మరవకూడదు. ఎదుటివాడికి మన సంతకం అవసరమైనంతసేపే మన మాటకు విలువ. స్థలం, నిధి, గడువు మూడూ ఆ గడియలోనే కాగితం మీదికి ఎక్కాలి.