నడుం బెల్టు ఎట్ల వచ్చింది

మా క్యాంపులో ఇప్పుడు ఏ రూముకు పోయినా మంచానికి ఒక నల్ల బెల్టు వేలాడుతున్నది. నడుం నొప్పి బెల్టు. పెట్టుకుంటే మంచిదా, చెడ్డదా అని సూపర్‌వైజర్లం కదా, మమ్మల్ని అడుగుతున్నరు. దాని పాత కథ తెలిస్తే జవాబు సగం తెలిసినట్టే. అందుకే రాస్తున్నాము.

నడుముకు గుడ్డ బిగించి బరువు ఎత్తుడు మనకు కొత్త కాదు. మన హమాలీలు తువ్వాల చుట్టుకొని బస్తా లేపేటోళ్లే. తోలు బెల్టు మాత్రం బరువులెత్తే పోటీగాళ్లది. వాళ్లు కొన్ని క్షణాలు ఎత్తి కింద పడేస్తారు. మనం పొద్దంతా ఎత్తాలె.

1980ల తర్వాత అమెరికాలో గోదాములు, పెద్ద దుకాణాలు ఎలాస్టిక్ బెల్టులు కొని పనోళ్లకు పంచాయి. పనిలో నడుం పోతే పరిహారం కట్టాలె. బరువు తగ్గించాలంటే మిషన్ కొనాలె, ఇంకో మనిషిని పెట్టాలె. బెల్టు చౌక. మాకైతే అసలు సంగతి ఇక్కడే ఉన్నదనిపిస్తది.

1994లో అక్కడి ప్రభుత్వ సంస్థ నయోష్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చూసి, నొప్పి లేని మనిషికి దెబ్బ తగలకుండా బెల్టు కాపాడుతుందని చెప్పేందుకు ఆధారం చాలదన్నది. హెల్మెట్, బూట్ల వరుసలో దాన్ని లెక్కపెట్టొద్దన్నది. బెల్టు ఉన్నదనే ధైర్యంతో మనిషి మోయరాని బరువు ఎత్తుతాడని కూడా హెచ్చరించింది. ఇది మేము రోజూ కండ్లతో చూసే విషయమే.

1996లో ఎదురు మాట వచ్చింది. కాలిఫోర్నియాలో ఒక హార్డ్‌వేర్ దుకాణాల కంపెనీలో సుమారు 36,000 మంది లెక్క తీస్తే, బెల్టు తప్పనిసరి చేశాక నడుం దెబ్బలు మూడో వంతు తగ్గినయి. అమ్మేటోళ్లకు పండుగే. కానీ అది చాలావరకు ముందు, తర్వాత అని పోల్చిన లెక్క. ఆ ఏండ్లలో ఇంకేం మారిందో విడదీయడం కష్టం. 2000 డిసెంబరులో నయోష్ 160 దుకాణాల్లో 9,000 మందికి పైగా పనోళ్లను అడిగి చేసిన అధ్యయనం బయటికొచ్చింది. రోజూ పెట్టుకున్నోళ్లకు, పెట్టుకోనోళ్లకు తేడా కనబడలేదు.

అట్లని బెల్టు ఉత్తదే అనలేము. 2007లో నెదర్లాండ్స్‌లో, ఇండ్లకు పోయి రోగులను చూసుకునే 360 మంది మీద పరీక్ష చేసిన్రు. వాళ్లందరికీ అంతకుముందే నడుం నొప్పి వచ్చిపోయింది. సగం మందికి బెల్టులిచ్చి, నొప్పి అనిపించిన రోజుల్లో పెట్టుకొమ్మన్నారు. బెల్టు లేనోళ్లతో పోలిస్తే ఏడాదిలో వాళ్లకు నొప్పి రోజులు సుమారు 50 తగ్గినయి. సిక్కు లీవులు మాత్రం తగ్గలే.

కాబట్టి నొప్పి ఉన్న తమ్ముడు ఆ రోజు పెట్టుకో, పని అయినంక తీసెయ్. కాలు మొద్దుబారినా, మూత్రం బిగబట్టినా బెల్టుతో ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పో. నొప్పి లేనోడు కొననే వద్దు. అదే నయోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. సిమెంటు బస్తా 50. మా సైట్‌లో బస్తాకు ఇద్దరం, లేకుంటే ట్రాలీ.